కప్పు లేని బొమ్మరిల్లు

మా క్రేన్ మావయ్య పోయారు. సుపేలాలో నేను లెక్కలు చెప్పే బడిలో రెండో పీరియడు నడుస్తుండగా అత్త ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు. "పొద్దున్న టీ తాగి కుర్చీలో కూకున్నాడమ్మా మీ మావయ్య. గలాసు తీద్దామని ఎల్తే మరి పలకనేదు. నువ్వు బేగొచ్చీ" అంది. పిల్లలకి బోర్డు మీద ఏదో లెక్క రాసిచ్చి ఆటో ఎక్కాను. ఏం లెక్క రాశానో నాకే తెలియదు. వాళ్ళు చేసిపెట్టిన నోటుబుక్కులు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి, దిద్దబుద్ధి కావడం లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. స్టీల్ ప్లాంటు క్వార్టర్సులో మా గుమ్మానికి ఎదురు గుమ్మం వాళ్ళది. హిందీ మాట్లాడే ఈ ఊరికి వాళ్ళూ మేమూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్ళమే కాబట్టి మావయ్య అయ్యారు. మా సెక్టారులో నాకు మావయ్యలకి కొదవ లేదు. ఒకాయన క్యాంటీన్ మావయ్య, ఒకాయన లోకో మావయ్య. ఈయన ప్లాంటులో క్రేన్ నడిపేవారు. షెడ్డు కప్పుకి దగ్గరగా, ఆ చివర నుంచి ఈ చివరకి పట్టాల మీద నడిచే పెద్ద క్రేను అది. దాని కేబిన్‌లో కూర్చుని, కింద నిలబడ్డ మనిషి చేతి సైగ చూస్తూ బరువులెత్తడం, దించడం. సర్వీసంతా అదే పని. రిటైరయ్యాక కూడా ఆ క్వార్టరే లీజుకి తీసుకుని ఉండిపోయారు. మేమే సుపేలా అవతల ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాం.

నేను చేరేసరికి మెట్ల మీద గొడవగా ఉంది. పై అంతస్తు నుంచి ఆయన్ని ఎలా దింపాలన్నదే సమస్య. బండితో పాటు వచ్చిన స్ట్రెచరు మెట్ల మలుపులో తిరగడం లేదు. ఖాళీ స్ట్రెచరుతోనే ప్రయత్నించి గోడ సున్నం రాల్చారు. మనవాళ్ళు బరువెత్తే ముందు గొంతెత్తుతారు. ఒకరు అటు తిప్పమంటారు, ఒకరు ఉల్టా కరో, తిరగెయ్యండి అంటారు, ఇంకొకరు దుప్పట్లో మూట కట్టినట్టు దింపేద్దామంటారు. గుమ్మంలో కూర్చున్న అత్త మాత్రం ఒక్కటే మాట అంటోంది. "ఎక్కడా తగలనివ్వకండి నాయనా. ఆయనకది పడదు."

పోయిన మనిషికి తగిలితే ఏమవుతుంది అని మీరు అనుకోవచ్చు. ఆయన సంగతి తెలిస్తే అనుకోరు. ఆ స్ట్రెచరు వాళ్ళని కాసేపు అక్కడే ఉండనివ్వండి. ఒకప్పుడు అదే మలుపులోంచి ఆయన నన్ను దింపారు. ముందు అది చెప్పాలి.

మావయ్యకి ఒక పట్టుదల ఉండేది. వేలాడే వస్తువు కింద నుంచి నడిచేవారు కాదు. పవర్ హౌస్ బజారులో ఎవరైనా దుకాణానికి బోర్డు కడుతూ కనిపిస్తే చాలు, అత్త రెక్క పుచ్చుకుని రోడ్డు అవతలికి లాక్కుపోయేవారు. కొనాల్సిన కూరలన్నీ ఇవతల, వీళ్ళిద్దరూ అవతల. ఎవరైనా బాల్కనీ గోడ మీద పూలకుండీ పెడితే దూరంగా నిలబడి, పేరు పెట్టి పిలిచి, అది లోపల పెట్టేదాకా కదిలేవారు కాదు. పెళ్ళి పందిట్లో దీపాల గుత్తి కింద వేసిన కుర్చీ ఎంత మెత్తగా ఉన్నా కూర్చునేవారు కాదు. పిల్లలం ఆయన వెనక నవ్వుకునేవాళ్ళం. అడిగితే చెప్పేది ఒకటే: "మనిసి నెత్తి మీంచి లోడు ఎల్లకూడదు." ఉద్యోగం నేర్పిన ఆ మాటని ఇంటికి కూడా తెచ్చుకున్నారు.

షిఫ్టులో కరిగిన ఇనుము గంగాళాలు మోసిన మనిషి ఇంటికొచ్చి అగ్గిపెట్టెతో బీరువా చేసేవారు. అదే ఆయన సరదా. పేకాట లేదు, టీవీ లేదు. బాల్కనీలో పీట వేసుకుని, ముందు ఒక కత్తెర, పాత బ్లేడు, చిన్న గిన్నెలో మైదా ఉడికించిన జిగురు పెట్టుకుని కూర్చునేవారు. మా అత్త ఇంట్లో చెత్తబుట్టకి పని ఉండేది కాదు. పుల్ల ఐస్ తింటే పుల్ల ఆయనకి, టూత్‌పేస్ట్ అయిపోతే మూత ఆయనకి. ఆ మూతకి రాగి తీగ వంచి తగిలిస్తే నీళ్ళ బకెట్టు. చొక్కా గుండీలు కంచాలు. మాత్రల రేకు కత్తిరిస్తే ఫ్యాను రెక్కలు. గోడ గడియారంలోంచి తీసేసిన సన్నటి బ్యాటరీకి ఎర్ర రంగు వేస్తే గ్యాస్ సిలిండరు. శుభలేఖ అట్టలతో గోడలు, మిఠాయి డబ్బాతో నేల. గిన్నెలు తోమే పీచు మూడు వైపులా అతికించిన అగ్గిపెట్టె ఒకటుండేది. అది మా ఊరి ఎండల్లో ప్రాణం పోసే కూలరు. నాకు అన్నిటికన్నా అదే ఇష్టం.

ఆయన చేసిన ఇంటికి కప్పు ఉండేది కాదు. ఏ ఇంటికీ ఉండేది కాదు. ఒకసారి అడిగాను, కప్పు మరిచిపోయావేం మావయ్యా అని. "పైనుంచి సూసేవోడికి కప్పెందుకే గుంటా?" అన్నారు. మా వైపు చిన్నపిల్లల్ని గుంట అంటారు, ముద్దుకే. అప్పుడు అర్థం కాలేదు. పెద్దయ్యాక అర్థమైంది. రోజూ కేబిన్‌లోంచి కిందికి చూసే మనిషికి లోకం ఆ సైజులోనే కనిపించేది. మనుషులు వేలంత, బల్లలు అగ్గిపెట్టెలంత. ఆయన బొమ్మలు చేస్తున్నాననుకోలేదు, చూసింది చేస్తున్నాననుకున్నారు.

ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆ పనిలో ఆయన మొండితనం భరించలేనిది. అసలు క్వార్టరు కిటికీ గట్టు మీద ఎర్ర దుమ్ము ఉంటుంది కదా, బొమ్మ కిటికీకి కూడా ఉండాలన్నారు. రంగు వేస్తే సరిపోదట. ఇంటిని బాల్కనీలో పెట్టి దుమ్ము దానంతటది పడేదాకా ఆగారు. ఈలోగా అత్త తెలియక గుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచేసింది. ఆ రోజు వాళ్ళింట్లో మాటలు లేవు. ప్లాంటు ఎక్కడికీ పోదు కాబట్టి మళ్ళీ పడింది దుమ్ము.

ఇక నా సంగతి. ఎండాకాలం సెలవుల్లో బ్లాకు వెనక జామచెట్టు మీద నుంచి పడ్డాను. తొడ ఎముక విరిగింది. నడుము నుంచి కాలివేళ్ళ దాకా సిమెంటు కట్టు వేశారు. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, కదలకుండా మధ్యలో ఒక అడ్డకర్ర కూడా పెట్టి కట్టారు. ఇంటికి తెచ్చేటప్పుడు మెట్ల మలుపులో ఆ కర్ర ఇనుప రెయిలింగుకి తగిలి ఠంగుమంది. కొన్నాళ్ళకి ఎక్స్‌రే ఫోటో తీస్తే ఎముక జారింది. ఆ దెబ్బకి జారిందా, నేను మెసలడం వల్ల జారిందా, ఎవరూ చెప్పలేకపోయారు. మళ్ళీ సర్ది మళ్ళీ కట్టారు. ఈసారి జారితే కోసి లోపల రాడ్డు వెయ్యాలి, కాలు ఎంత పొట్టిదవుతుందో ముందుగా చెప్పలేం అన్నారు డాక్టరుగారు. ఆ మాట నా ఎదుటే అన్నారు. రెండోసారి ఇల్లు చేరాక అమ్మ నా మంచం వదిలి దూరంగా వెళితే ఒట్టు.

నాకు ఓపిక తక్కువ. ఇప్పుడూ తక్కువే, మా బడి పిల్లల్ని అడగండి. కట్టు లోపల దురద, వీపు కింద చెమట, కూలరు హోరు. పక్కకి ఒత్తిగిలితే చాలు స్వర్గం అనిపించేది. నేను భుజం కొంచెం లేపితే అమ్మ మొహం పాలిపోయేది. నన్ను చూసిపోవడానికి వచ్చినవాళ్ళు జాముల్ ఫ్యాక్టరీ సిమెంటంతా నీ కాలికే వేసేశారా అని జోకులు వేసేవారు. నేను నవ్వేదాన్ని కాదు. నవ్వితే కట్టు కదులుతుందేమోనని అమ్మ భయం, ఆ భయం నాకూ పట్టుకుంది.

నాన్న పవర్ హౌస్ వెళ్ళి గాలికి తిరిగే ప్లాస్టిక్ బొమ్మల గుత్తి కొనుక్కొచ్చారు. పడుకుని చూస్తూ ఉంటాను కదా అని నా మొహానికి పైన సీలింగు కొక్కేనికి కట్టబోయారు. సరిగ్గా అప్పుడే మావయ్య వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"దింపీ బాబూ. మనిసి పైన లోడొద్దు."

"లోడేటన్నా? పావు కేజీ నేదు ఇది" అన్నారు నాన్న నవ్వుతూ.

"లోడు లోడే. దింపీ."

నాన్నకి కోపం వచ్చింది గాని దింపారు. మావయ్య మాత్రం వెళ్ళలేదు. మంచానికీ బీరువాకీ మధ్య ఖాళీని జానలతో కొలిచి, నా మెడ ఎంతవరకు తిరుగుతుందో తిప్పించి చూసుకుని, అప్పుడు వెళ్ళారు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన తన బొమ్మరిల్లు మోసుకుని వచ్చారు. మా క్వార్టరే అది. రెండు గదులు, వంటిల్లు, బాల్కనీ. దాన్ని మంచం పక్కన ఎత్తు స్టూలు మీద పెట్టారు. నాన్న గడ్డం గీసుకునే అద్దాన్ని బీరువా తలుపుకి ఏటవాలుగా కట్టారు. నేను మెడ ఒక్కటి తిప్పితే చాలు, ఇల్లంతా పైనుంచి కనిపించేది. ఆ ఇంటి మీదుగా కిటికీ ఊచ నుంచి బీరువా దాకా కర్టెన్ రాడ్డు కట్టారు. దాని మీద రెండు ఖాళీ దారపు రీళ్ళు దొర్లుతాయి, వాటి నుంచి వంచిన పిన్నీసు వేలాడుతుంది. రెండు దారాలు నా కుడిచేతికి అందేలా పెట్టారు. తెల్ల దారం లాగితే రీళ్ళు ముందుకీ వెనక్కీ పోతాయి, ఎర్ర దారం లాగితే పిన్నీసు పైకి లేస్తుంది. నాకొక క్రేను చేసిచ్చారు ఆయన. రీళ్ళు మంచం అంచు దాటి నా మీదికి రాకుండా రాడ్డుకి తెల్ల దారంతో గట్టి ముడి కూడా వేశారు.

అప్పుడు గమనించాను. ఆ ఇంట్లో ప్రతి వస్తువుకీ సన్నటి తీగ కొక్కెం ఉంది. మంచానికి, బీరువాకి, సిలిండరుకి, బకెట్టుకి, కూలరుకి కూడా. ఎక్కడ పట్టి ఎత్తితే వస్తువు ఒరగదో వెతికి వెతికి అక్కడే పెట్టారు. బరువులు కూడా నిజంగా ఉండాలని బీరువాలో ఇనుప నట్టు ఒకటి దాచారు. అది ఎత్తినప్పుడు దారం వేలిని కోసేది, దుప్పటి ముక్క ఎత్తితే ఏమీ లేనట్టుండేది.

రోజూ షిఫ్టు దిగాక ఆయన మా గుమ్మంలో నిలబడి సైగలు నేర్పారు. చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దించు. దాని మీద రెండో అరచెయ్యి గొడుగులా పడితే నెమ్మదిగా. చెయ్యి బారుగా చాచి అరచెయ్యి నేలకేసి పెడితే ఆగు. నోటితో ఒక్క ముక్క చెప్పేవారు కాదు. నేను తొందరపడితే మాత్రం, "క్రేను మీద కూకున్నోడు ఒళ్ళు కదపడు. సెయ్యీ, కన్నూ. అంతే" అనేవారు. నా జన్మలో నేను అంత నిశ్చలంగా ఎప్పుడూ లేను. వంటింటి సామానంతా బాల్కనీలోకి మార్చి, మళ్ళీ వంటింట్లోకి చేర్చేసరికి సాయంత్రం అయిపోయేది. అమ్మ చాలా రోజుల తర్వాత ఎదురింటికి వెళ్ళి కూర్చుని టీ తాగి వచ్చింది.

ఒకరోజు ఆయన నన్నే చేసుకొచ్చారు. నాలుగు అగ్గిపుల్లలు, చుట్టూ బ్యాండేజీ గుడ్డ, నల్లదారం జడ. కాళ్ళ మధ్య అడ్డకర్ర కూడా మరిచిపోలేదు. బొమ్మ మంచం మీద పడుకోబెట్టారు. దానికి కొక్కెం లేదు. పెట్టమని ఎంత గొడవ చేశానో చెప్పలేను. "మనిసిని హుక్కుకి తగిలించకూడదు. లోడు మీద మనిసి ఉండకూడదు. మంచం ఎత్తాలంటే ముందు పిల్లని చేత్తో తియ్యాల" అన్నారు. చేత్తో తియ్యడానికి నాకు అందదు. ప్రతిసారీ ఎవరినో పిలవాలి. అది నాకు నచ్చలేదు.

అమ్మ బాల్కనీలో బట్టలారేస్తున్న సమయం చూసి, పిల్లతో సహా మంచం ఎత్తేశాను. సగం ఎత్తులో మంచం ఊగింది. పిల్ల అంచుకి జారుతోంది. దారం వదలకుండా రెండో చెయ్యి చాచాను. చెయ్యి అందడం లేదు. భుజం లేచింది, నడుము దగ్గర కట్టు మంచం మీద కిర్రుమని తిరగడం మొదలైంది. అదే క్షణంలో అద్దంలో గుమ్మం కనిపించింది, గుమ్మంలో ఆయన.

ఆయన కేకెయ్యలేదు. చెయ్యి బారుగా చాచి అరచెయ్యి నేలకేసి పెట్టారు.

నేను ఆగిపోయాను. ఎలా ఆగానో తెలియదు, ఆ చెయ్యి చూస్తే ఒళ్ళు ఆగిపోవడం అలవాటైపోయింది. పిల్ల స్టూలుకి తగిలి నేల మీద పడింది. మంచం రాడ్డు కింద గిరగిరా తిరుగుతోంది. ఆయన మెల్లగా వచ్చి నా భుజం కింద చెయ్యి పెట్టి మంచానికి ఆన్చారు. తర్వాత వంగి కట్టు అంచు చూశారు. ఆయన ముందే కట్టు మీద ఒక పెన్సిలు గీత, మంచం కోడు మీద ఒక గీత గీసి ఉంచారు, రెండూ ఎదురెదురుగా ఉండాలి. ఇప్పుడు గీతకి గీత అందలేదు. వడ్లగింజంత తేడా.

దాచలేదు ఆయన. అమ్మని పిలిచి మామూలు గొంతుతో చెప్పారు, గీత తప్పింది, ఫోటోకి వెళ్ళినప్పుడు డాక్టరుగారికి చెప్పాలని. అమ్మ తడి బట్ట చేత్తో పట్టుకునే వచ్చి ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. నేను ఏడుస్తున్నాను, ఏడిస్తే కదులుతానని ఏడుపు మింగుతున్నాను. ఆయన పిల్లని నేల మీంచి తీసి ఊది, జడ సర్ది, బొమ్మ మంచం పక్కన పెట్టారు. అప్పుడన్నారు, "పడిపోయేదానికి సెయ్యి అడ్డెట్టకు తల్లీ. పడింది మళ్ళీ సేసుకోవచ్చు. సెయ్యి మళ్ళీ సేసుకోలేం." ఆ తర్వాత ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు నేను మా బడిలో మెట్ల మీద పరుగెత్తే పిల్లలకి చెబుతుంటాను, నా గొంతులో ఆ నిదానం మాత్రం రాదు.

ఫోటో రోజు దగ్గర పడేకొద్దీ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఎముక జారిందో లేదో తర్వాతి మాట, ముందు ఆ మెట్లు ఎలా దిగాలి? మొదటిసారి పైకి తెచ్చినప్పటి ఠంగుమన్న చప్పుడు అమ్మ చెవుల్లోంచి పోలేదు. ముందు రోజు సాయంత్రం మావయ్య మిఠాయి డబ్బా అట్టతో మెట్లు చేసి తెచ్చారు. మలుపు, రెయిలింగు, గోడ అన్నీ చీపురుపుల్లతో కొలిచి వచ్చి చేశారు. ఐస్ పుల్ల మీద పిల్లని పడుకోబెట్టి నా కళ్ళ ముందే దింపి చూశారు. తల ముందు పెడితే, వెనక వచ్చే కాళ్ళ అడ్డకర్ర గోడకీ రెయిలింగుకీ మధ్య ఇరుక్కుంటోంది. ఎన్నిసార్లు చూసినా అంతే. కాళ్ళు ముందు పెట్టి, మలుపులో కొంచెం గోడవైపు ఒరిగిస్తే నున్నగా తిరిగిపోతోంది.

అమ్మ అది చూసి లేచి నిలబడింది. "బతికున్న పిల్లని కాళ్ళు ముందెట్టి దింపుతారేటి అన్నియ్యా? నా పేనం పోయినా ఒప్పుకోను."

నాన్న ఏదో అనబోతే మావయ్య చెయ్యి చూపి ఆపారు. అట్ట మెట్ల కింద, గేటు ఉండే చోట వేలు పెట్టి చూశారు. ఆయన నమ్మకాలని వెక్కిరించే మనిషి కాదు, ఆయనకీ ఆ పట్టింపు ఉంది.

"నువ్వు కిందకెల్లి గేటు బయట నిలబడు సెల్లమ్మా" అన్నారు. "నీకేసి వస్తాది పిల్ల. నీకేసి వచ్చేది ఎలిపోడం ఎలగవుతాది?"

మర్నాడు అమ్మ అందరికన్నా ముందు చెప్పులేసుకుని కిందికి దిగిపోయింది.

నాన్న, లోకో మావయ్య, మరో ఇద్దరు నన్ను చెక్కపలక మీదికి మార్చి, గుడ్డపట్టీలతో కట్టి ఎత్తారు. ఎత్తగానే నలుగురూ నాలుగు మాటలు మొదలుపెట్టారు. క్రేన్ మావయ్య మలుపులో గోడకి ఆనుకుని, నలుగురికీ కనిపించేలా నిలబడి, తన చెయ్యి తప్ప ఇంకేమీ చూడొద్దన్నారు, నోళ్ళు మూసుకోమన్నారు. కింది మెట్ల మీద తమాషా చూస్తున్న వాళ్ళందరినీ బయటికి పంపించేశారు. సర్వీసంతా ఇంకొకరి చేతి సైగకి లోబడి పనిచేసిన మనిషి ఆ రోజు తన చెయ్యి ఎత్తారు. వేలు కిందికి తిరిగింది, దాని మీద రెండో చెయ్యి గొడుగైంది. నా కాళ్ళు ముందు, నేను వెనక, మెట్టు మెట్టుగా దిగుతున్నాం. మలుపులో అడ్డకర్ర రెయిలింగు పక్కకి వచ్చింది. అప్పుడు ఎవరి చెప్పో జారింది, పలక ఒక వైపు కుంగింది. నేను రెయిలింగు పట్టుకోబోయాను. ఆయన చెయ్యి బారుగా చాపి ఉంది. నలుగురూ ఆగారు, నేనూ ఆగాను. జారినాయన పాదం కుదుర్చుకునేదాకా ఆ చెయ్యి కదల్లేదు, వణకలేదు. తర్వాత గోడవైపు కొంచెం ఒరిగించమని సైగ. కర్ర రెయిలింగుని తాకకుండా దాటింది. చీకటి మెట్ల చివర వెలుతురు కనిపించింది, ఆ వెలుతురులో నా కాళ్ళకి ఎదురుగా అమ్మ.

ఎముక కొంచెం పక్కకి జరిగింది గాని పూర్తిగా జారలేదు. అతుక్కుంటోంది, కొయ్యక్కర్లేదన్నారు డాక్టరుగారు. నా ఎడమ కాలు కాస్త పొట్టి. నడకలో చిన్న ఒరుగు ఉంది, బడిలో పిల్లలు నా వెనక అలా నడిచి చూపించుకుంటారని నాకు తెలుసు. నడవనివ్వండి. నేను నడుస్తున్నాను, అది చాలు. ఆ ఒరుగు చూసినప్పుడల్లా నాకు ఆ చాచిన చెయ్యే గుర్తొస్తుంది.

బొమ్మరిల్లు వాళ్ళింట్లోనే ఉండిపోయింది. మా ఇళ్ళల్లో ఏ కొత్త వస్తువు వచ్చినా దానికి జత ఆ ఇంట్లోనూ వచ్చేది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు పోస్టల్ స్టాంపంత నల్లబల్ల చేశారు, దానికీ కొక్కెం. ఏటా ఎండలు ముదరగానే అసలు కూలరుకి గడ్డి మార్చి, అదే చేత్తో అగ్గిపెట్టె కూలరుకి పీచు మార్చేవారు. కిందటిసారి వెళ్ళినప్పుడు అదే పనిలో ఉన్నారు. వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి. నేను చేస్తానంటే ఇవ్వలేదు. నీకు తొందర, జిగురు ఆరనివ్వవు అన్నారు. నిజమే.

మొన్న నేను మెట్లెక్కి లోపలికి వెళ్ళేసరికి ఆయన్ని హాల్లో పడుకోబెట్టి ఉంచారు. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి తెల్లదారంతో కట్టారు. బొమ్మరిల్లు షోకేసు మీద ఉంది. మంచం తన చోట ఉంది. బ్యాండేజీ పిల్ల మంచం మీద లేదు, పక్కన నేల మీద పడుకోబెట్టి ఉంది. ఎప్పుడు ఎవరు మంచం ఎత్తినా ఇబ్బంది లేకుండా ఇన్నేళ్ళూ దాన్ని అలాగే ఉంచారాయన. అక్కడిదాకా ఆపుకున్న ఏడుపు అది చూశాక ఆగలేదు.

కాసేపటికి మెట్ల మీద మళ్ళీ గొంతులు లేచాయి. నేను మొహం తుడుచుకుని బయటికొచ్చాను. కాళ్ళు ముందు పెట్టి, మలుపులో గోడవైపు ఒరిగించాలని చెప్పాను. నేను మలుపులో నిలబడతాను, నా చెయ్యి చూసి నడవండి, ఎవరూ మాట్లాడొద్దు అన్నాను. ఒక పెద్దాయన, ఇది మగవాళ్ళ పని, పక్కకి జరుగమ్మా అన్నారు. మావయ్య కొడుకు, నేను అన్నయ్య అని పిలిచే మనిషి, జాముల్ ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ బట్టల్లోనే వచ్చేశాడు. అతను స్ట్రెచరు కాళ్ళవైపు పట్టుకుంటూ అన్నాడు: "ఉండనీండి. ఈ మెట్లు దానికి తెల్సు."

కింద నిలబడ్డ వాళ్ళని బయటికి వెళ్ళిపొమ్మన్నాను. లోడు కింద ఎవరూ ఉండకూడదని హిందీలో కూడా చెప్పాను. తర్వాత అత్త దగ్గరికి వెళ్ళాను. ఆమె గుమ్మం పట్టుకుని ఆయన వెంట నడవడానికి లేస్తోంది.

"అత్తా, నువ్వు ముందు దిగు. గేటు బయట నిలబడు."

ఆమె నా మొహంలోకి చూసింది. కొంగు నడుముకి దోపుకుని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది.

నేను గోడకి వీపు ఆన్చి చెయ్యి ఎత్తాను. వేలు కిందికి తిప్పి, మీద రెండో చెయ్యి పెట్టాను. నలుగురూ దిగుతున్నారు. ఒక్కరి నోటా మాట లేదు. మలుపులో స్ట్రెచరు అంచు రెయిలింగుకి దగ్గరగా వచ్చింది. చెయ్యి చాచాను, ఆగారు. గోడవైపు ఒరిగించారు. ఆయన తల నా భుజం పక్క నుంచి వెళ్ళింది. ఒక్కసారి తాకాలనిపించింది. చెయ్యి కదపలేదు.

"వస్తన్నాడా?" కింది నుంచి అత్త గొంతు వినిపించింది.

"వస్తున్నాడత్తా. నీకేసే."

ఎక్కడా తగల్లేదు. తెల్లదారం ముడి వేసిన ఆయన రెండు పాదాలూ మెట్ల చీకట్లోంచి ఎండలోకి, గేటు బయట నిలబడ్డ ఆవిడ వైపు మెల్లగా వెళ్ళాయి.